భూటాన్ దారికి పెనుకొండలో పాఠాలు

మా అక్కకు ధర్మవరంలో పట్టుచీరల అంగడి. నాకు హిందూపురంలో మా నాయన వదిలిపెట్టిన బెల్లం మండీ. అక్కచెల్లెళ్లిద్దరం యాభైకి అటూ ఇటూగా ఉన్నాం. కారు నడపడం ఆలస్యంగానే నేర్చుకున్నాం. ధర్మవరానికీ హిందూపురానికీ మధ్య తిరగడానికి తప్ప ఆ విద్య ఎందుకూ పనికొచ్చింది లేదు.

రెండేళ్ల కిందట ఒకనాడు అక్క ఫోన్ చేసింది. అంగడికొచ్చిన ఒకామె చీరలు చూస్తూ చూస్తూ, భూటాన్ కొండల్లో కారులో తిరిగిన ఫోటోలు చూపించిందట.

"మే, మనమూ పోదామా? ఈడ నుంచే కార్లో. మనమే నడుపుకుంటా" అనింది.

నవ్వాల్సిన మాటే. కానీ నేను "పోదాం" అనేసినాను. అన్నాక భయం పట్టుకుంది. మా ఇద్దరికీ దారి తెలియదు, కొండ తెలియదు.

అప్పుడు గుర్తొచ్చినాడు లారీ మామ. తలుపుల అనే ఊరి దగ్గర చేనున్న రైతు కుటుంబంలో పుట్టి, వానల్లేని ఏళ్లలో స్టీరింగు పట్టిన మనిషి. ముప్పై ఏళ్లు మా మండీ బెల్లమూ చింతపండూ ఉత్తరాదికి మోసినాడు. ఇప్పుడు పెనుకొండలో కొడుకు ఇంట్లో ఉంటున్నాడు. చుట్టరికం ఏమీ లేదు గానీ చిన్నప్పటి నుంచీ మామా అనే పిలుస్తాం.

ఆదివారం ఇద్దరం పోయి సంగతి చెప్పినాం. ఎగతాళి చేస్తాడేమో అనుకున్నా. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, "ఎన్ని దినాలుండాది మీ చేతిలో?" అన్నాడు.

"ఇరవై రోజులు మామా."

"పోయేదానికి ఆరు, వచ్చేదానికి ఆరు. మిగిలింది కొండల్లో. పొద్దుగూకక ముందే బండి నిలపాల. దానికి ఒప్పుకుంటే చెప్తా."

ఒప్పుకున్నాం. విజయవాడ, విశాఖపట్నం, ఒడిశా, బెంగాల్, ఫరక్కా దగ్గర గంగ మీద వంతెన, సిలిగురి. మ్యాప్ చూడకుండా, కాగితం మీద రాసిస్తూ చెప్పుకుంటూ పోయినాడు. ఎక్కడ రోడ్డు మీదికి పశువులొస్తాయో, ఏ ఊళ్లో సంత రోజు బండి కదలదో అన్నీ చెప్పినాడు. నేను ఫోనులో సరిచూసుకుంటూ ఉంటే ఒక్క ఊరూ వరస తప్పలేదు.

మధ్యలో అక్క మొహమాటంగా అడిగింది. "మామా, దారిలో ఆడోళ్లకు బాత్రూములు బాగుండే బంకులు యాడుండాయి?"

ఆయన పెన్ను పక్కన పెట్టేసినాడు. "ముప్పై ఏండ్లు తిరిగినా గానీ ఆ సంగతి ఎప్పుడూ చూడలేదు తల్లీ. నాకు తెలీదు. కనుక్కుంటా."

ఊరికే అన్న మాట అనుకున్నాం. మరుసటి ఆదివారానికి మూడు పేజీల పట్టీ తయారుగా ఉంది. ఇప్పుడు ఆ దారిలో తిరిగే డ్రైవర్లందరికీ ఫోన్లు చేసినాడట. "ఏమప్పా, నువ్వు చూసినావా, ఎవరో చెప్పినారా?" అని ఒక్కొక్కరినీ నిలదీసినాడట. చూడనివి రాయలేదు. తనకు తెలియనిదాన్ని తెలియదని చెప్పి, దాని కోసం వారం రోజులు కష్టపడిన మగవాణ్ణి నేను అంతకు ముందు చూడలేదు.

కాగితాల పని మేము చూసుకున్నాం. భూటాన్‌కు ఆధార్ చెల్లదు, పాస్‌పోర్టో ఓటరు కార్డో కావాల. కారుకు విడిగా పర్మిట్ కావాల. అవన్నీ అయిపోయి, ఇంక బయలుదేరడమే అనుకుంటుంటే మామ అడ్డం పడినాడు.

"కొండెక్కింది యాడ మీరు? ముందు మన కొండెక్కి దిగండి."

పెనుకొండ కొండ మీదికి వేసిన దారి మెలికలు మెలికలుగా పోతుంది. ఆయన వెనక సీట్లో కూర్చున్నాడు. "ముందర కూచుంటే నా కాలు ఊరికే బ్రేకు వెతుకుతాది" అన్నాడు. ఎక్కడం బాగానే ఎక్కినాం. దిగేటప్పుడు నేను అన్ని మలుపుల్లోనూ బ్రేకు తొక్కినాను. సగం దిగినాక నిలపమన్నాడు. కిందికి దింపి చక్రం దగ్గర వాసన చూడమన్నాడు. ఏదో కాలుతున్న వాసన.

"ఇది తెలిసిందా? ఇంకా తొక్కితే బ్రేకు పట్టదు. ఏ గేర్లో ఎక్కినావో ఆ గేర్లోనే దిగు. బండి బరువును ఇంజనే పట్టుకుంటాది."

మరుసటి వారం అక్క వంతు. పైనుంచి ట్రాక్టర్ ఎదురొచ్చింది. అక్క బెదిరిపోయి బండి ఆపేసింది, ఇంజన్ కూడా ఆగిపోయింది. ట్రాక్టర్‌వాడు హారన్ మీద చెయ్యి తీయలేదు. మామ నిదానంగా దిగి అతని దగ్గరికి పోయినాడు.

"ఏమబ్బా, అంత తొందర ఏముండాది? నేర్చుకుంటాండారు. రెండు నిమిషాలు నిలబడు."

హారన్ ఆగిపోయింది. అక్క కళ్లు తుడుచుకుని, హ్యాండ్ బ్రేక్ వేసి, బండి మళ్లీ స్టార్ట్ చేసి పక్కకు తీసింది. మామ "శభాష్" అనలేదు. "మళ్లా ఎక్కు" అన్నాడు. అట్లా ఐదు ఆదివారాలు.

బయలుదేరే ముందు మా బావ, అంటే అక్క భర్త, ధర్మవరంలో అందరినీ భోజనానికి పిలిచినాడు. తిన్నాక మామ పక్కన కూర్చుని, "మీరూ తోడు పోండి మామా. కొండల్లో స్టీరింగు మీరు పట్టుకుంటే మాకు ఇంత నిబ్బరం" అన్నాడు.

అక్క నా వైపు చూసింది. ఆయన వస్తానంటే మేము కాదనలేం.

"నేనొస్తే వీళ్లు ప్యాసింజర్లయిపోతారప్పా" అన్నాడు మామ. "వాళ్ల ప్రయాణం అది. నడపగలరు. నేను చూసినా."

ఆయన నోట మెప్పు వినడం అదే మొదలు. అక్క గబగబా లేచి నీళ్లు తెచ్చే నెపంతో లోపలికి పోయింది.

పోయినాం. సరిహద్దు గేటు దాటగానే హారన్ల మోత ఆగిపోయింది. పైకెక్కేకొద్దీ చలి, పచ్చటి అడవి, కొండ మీంచి రోడ్డు మీదికి జారే నీళ్లు. గేదు అనే ఊరి దగ్గర మబ్బే రోడ్డు మీదికి దిగింది. పది అడుగుల అవతల ఏమీ కనపడలేదు. స్టీరింగు అక్క చేతిలో ఉంది. రెండో గేర్లో, లైట్లు కిందికి వేసుకుని, కొండ పక్కనే పట్టుకుని గంటసేపు నడిపింది. మబ్బు విడిపోయినాక కింద లోయ మొత్తం ఒక్కసారిగా కనపడింది. ఇద్దరం బండి నిలిపి, దిగి, చాలాసేపు అట్లే చూస్తూ నిలబడినాం. ఇంత అందం లోకంలో ఉందని ఫోటోలు చెప్పలేదు.

తిరిగొచ్చినాక నేరుగా పెనుకొండ పోయినాం. నేను ఫోనులో కొండలు, గుళ్లు చూపించబోయినాను. మామ వాటిని పక్కకు జరిపినాడు.

"గేటు దాటినాక రోడ్డు ఎట్లుండాది, అది చెప్పు."

అప్పుడు బయటపడింది. ఆ గేటుకు ఈ పక్క ఊళ్లో ఆయన ఎన్నోసార్లు లోడు దించినాడు. లారీకి అవతలికి పర్మిట్ లేదు. సరుకు దిగేదాకా టీ తాగుతూ, గేటు వెనక లేచిన కొండల్ని చూసుకుంటూ కూర్చునేవాడట. వారాల తరబడి మాకు దారి చెప్పినాడు గానీ, ఆ మాట మాత్రం ఒక్కసారి కూడా ఎత్తలేదు.

అక్క చాప మీద ఆయన ఎదురుగా కూర్చుంది. గేటు దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క మలుపూ చెప్పుకుంటూ పోయింది. ఆయన కళ్లు మూసుకుని వింటూ, మధ్యమధ్యలో ఆపి, "ఆడ ఏ గేరు?" అని అడుగుతున్నాడు. అక్క చెబుతోంది.