రంగులాయన కోసిన కొమ్మ

ప్రెస్సులో ముప్ఫై నాలుగేళ్ళు సిరాలు కలిపాడు కాబట్టి ఆయన్ని అందరూ రంగులాయన అనేవాళ్ళు. మందుల డబ్బా మీద ఎరుపు రవ్వంత తేడా వచ్చినా ముందు ఆయన కన్నే పట్టేది. ఆ కన్నంటే ఆయనకు కొండంత గర్వం, కాస్త పొగరు కూడా. రిటైరయ్యాక ఆ పొగరంతా పెరట్లో క్రోటన్ల మీదికి మళ్ళింది.

ఉన్న నలభై కుండీల్లో ఒక్కదాని మీదే ఆయన ప్రాణమంతా. అది మామూలు పచ్చ క్రోటనే. మూడేళ్ళ కిందట దాని కొమ్మ ఒకటి ఉన్నట్టుండి రంగు మార్చింది. ముదురు వంకాయరంగు ఆకు, సన్నగా మెలితిరిగి, అంచున గులాబీ గీత. అలాంటిది ఇంకెవరి దగ్గరా లేదు. క్రోటన్ల సంఘంవాళ్ళు వచ్చి చూసి, ఆ కొమ్మకు అంటు కట్టి ఇదే రంగు మొక్క ఇంకొకటి తీసి చూపిస్తే కొత్త రకంగా రాసుకుంటామన్నారు. "దానికి నీ పేరే పెడతానే" అన్నాడు భార్యతో. "చాల్లెండి సంబడం" అంది గానీ, ఆవిడ పక్కింటావిడకు వారం పాటు అదే చెప్పింది.

మొక్కల విషయంలో రంగులాయన పరమ పిసినారి. కోసిన కొమ్మ జానెడు దొరికినా ఎవడో పట్టుకుపోయి నాటేసుకుంటాడని భయం. అందుకని ప్రతి కొమ్మనీ వేలెడు ముక్కలు చేసి, బకెట్లో వేసి, మరిగే నీళ్ళు పోసేవాడు. ఆ నీళ్ళు కాచి తెచ్చేది ఆవిడే. "ఏం మనిషండీ మీరు" అని సణుక్కుంటూనే తెచ్చేది.

ఆయన ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఏడాదిగా చూపు నడిమధ్య మసక, ముదురు రంగులన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. పోయిన చూపు ఇక తిరిగి రాదని కళ్ళ డాక్టరు తేల్చేశాడు. రంగులాయనకు కళ్ళు పోయాయంటే నలుగురూ నవ్వరూ? కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు.

అంటు కట్టేముందు పచ్చకొమ్మలు తీసేయాలి, అప్పుడే బలమంతా రంగుకొమ్మకు పోతుంది. ఆ మధ్యాహ్నం ఆవిడ చెల్లెలింటికి వెళ్ళింది. వచ్చేదాకా ఆగితే "ఇది పచ్చదేనా?" అని అడగాలి. ఆయనేమిటి, అడగడమేమిటి! కత్తెర పట్టుకుని, ఉన్న మూడు కొమ్మల చివరి ఆకులూ తడిమాడు. మెలి తగిలినదాన్ని ఉంచి, మిగతా రెండూ మొదలుకంటా కోసేశాడు. ఎండకు పచ్చాకు మెలితిరిగిందనీ, కొత్త ఎరువుకు రంగుకొమ్మ చివర్లు వెడల్పుగా వచ్చాయనీ వేళ్ళకేం తెలుసు? ముక్కలు చేశాడు. నీళ్ళు తనే కాచుకుని పోశాడు.

సాయంత్రం ఆవిడ వచ్చి బకెట్ దగ్గర నిలబడిపోయింది.

"ఏమండీ, రంగుది కోసేశారేంటి?"

"పచ్చవే కదే కోశాను."

ఆవిడ ఉడికిన ముక్క ఒకటి తీసి ఆయన కళ్ళ ముందు పెట్టింది. ఆయన చూపు దాని పక్కకెక్కడికో పోయింది. ఆవిడకు అర్థమైపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాది."

కుండీ పక్కనే కూలబడ్డాడు. మొదలు నుంచి మళ్ళీ చిగురేసినా వచ్చేది పచ్చేనని ఆయనకు తెలుసు. "నీ పేరు నా చేతుల్తోనే ఉడకేశానే" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"పేరు సంగతి తర్వాత. ఇలా చూడండి. నా మొహం కనిపిస్తోందా?"

అబద్ధం ఆడదామనే నోరు తెరిచాడు. కానీ ఏడాదిగా ఆడింది చాలనిపించింది.

"లేదే" అన్నాడు. "జుట్టు కనిపిస్తోంది."