టికెట్టు కొనని పద్దెనిమిది మంది

ఆ బస్సు డిపోలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అతుకులక్క అంటే వాచ్‌మన్ నుంచి మేనేజరు దాకా అందరికీ తెలుసు. బస్సుల ఒంటికి రేకులు వెల్డింగు చేసే షెడ్డు ఇరవై రెండేళ్లుగా ఆమెది. నేల తుప్పు పట్టి చిల్లుపడినా, మెట్టు ఊగినా, పక్క రేకు చీలినా బండి ఆమె చేతికి రావాల్సిందే. ఆమె వేసిన అతుకు ఇంతవరకు ఊడలేదు. ఆ మాట ఎవరైనా అంటే వినడం ఆమెకు మహా సరదా. ఎవరూ అనకపోతే తనే అనేది. భర్త దర్జీ. ఇద్దరిదీ అతుకుల పనే కాబట్టి తమ కాపురానికి చిల్లు పడదని ఆయన జోకు. పాతికేళ్లుగా అదే జోకు, పాతికేళ్లుగా ఆమె నవ్వుతూనే ఉంది.

ఆ ఏడాది డిపోలో నలభై బస్సులకు కాలం చెల్లింది. కొత్త కరెంటు బస్సు ఒక్కటి కొనే డబ్బుతో నాలుగు పాత బస్సుల డీజిల్ ఇంజన్లు తీసేసి మోటారూ బ్యాటరీ పెట్టించవచ్చని కుర్ర ఇంజనీరు పైవాళ్లను ఒప్పించాడు. డీజిల్ ఖర్చులో మూడో వంతు కూడా కరెంటుకు కాదన్నాడు. కానీ డిపో లెక్కలాయన ఒక మెలిక పెట్టాడు. మార్పు ఖర్చులో సగం బ్యాటరీదే కాబట్టి ఇప్పుడు అనుకున్న దానికంటే పెద్ద బ్యాటరీ కొనేది లేదు. మనుషుల బదులు ఇసుక బస్తాలు వేసుకుని, ఒక్క చార్జింగుతో బండి నూటయాభై కిలోమీటర్లు తిరగాలి. తిరిగితే నలభై బస్సులూ మారతాయి. లేకపోతే నలభైకి నలభై తుక్కుకు పోతాయి, అతుకులక్క షెడ్డుకు తాళం పడుతుంది, ఆమెతో కలిపి పదకొండు మంది ఇంటిదారి పడతారు.

ముందుగా మార్చింది పంతొమ్మిదో నంబరు బస్సును. ఉదయం పెళ్లికూతురిలా గేటు దాటిన బండి నూట నలభై ఒకటో కిలోమీటరు దగ్గర ఫ్లైఓవరు మీద ఆగిపోయింది. వెనక హారన్ల మోత. చివరికి ఒక డీజిల్ బస్సే వెళ్లి దాన్ని లాక్కొచ్చింది. అది చూసి అతుకులక్కకు తల కొట్టేసినట్టయింది. వారంరోజులు చూసి ఫైలు మూసేస్తానన్నాడు లెక్కలాయన. ఆయన చెడ్డవాడేం కాదు, అంకెల దగ్గర మాత్రం మొహమాటం ఎరగడు.

మర్నాడు ఆదివారం. భర్త ముందుగదిలో మిషను పక్కన కూర్చుని ఎవరిదో పాత కోటు లోపలి గుడ్డ విప్పుతున్నాడు. కొత్తది పైన కుట్టేయక ఈ విప్పుడెందుకని ఆమె విసుక్కుంది.

“పాతది ఉంచి కొత్తది కుడితే కోటు బరువెక్కిపోతుంది. ఇంతకుముందు ఎవరో మహానుభావుడు అలాగే చేశాడు. చూడు, మూడు పొరలున్నాయి.”

ఆమెకు తన షెడ్డు గుర్తొచ్చింది. ఏటా తనిఖీ ముందు హడావిడే. పాత రేకు కోసి తీయాలంటే రెండు రోజులు, దాని మీదే కొత్తది వేయాలంటే ఒక్క పూట. ఆమె ఎప్పుడూ పూటలో ముగించి శభాష్ అనిపించుకునేది. తన డిపోలో ఆ మహానుభావురాలు తనే.

సోమవారం పొద్దున్నే బండిని లారీలు తూచే కాటా ఎక్కించమని ఇంజనీరు వెంటపడింది. మోటారూ బ్యాటరీ బరువు తీసేసినా, కాగితాల్లో ఉన్నదానికంటే పన్నెండు వందల కిలోలు ఎక్కువ తేలింది. ఇంజనీరు నోరెళ్లబెట్టాడు.

“ఆ బరువు నేనే ఎక్కించాను బాబూ,” అంది ఆమె. “టికెట్టు కొనని పద్దెనిమిది మందిని ఇన్నేళ్లుగా ఊరికే తిప్పుతున్నాను. వారం ఆగండి, దింపేస్తాను.”

ఆ మాట లెక్కలాయన ముందు కూడా అంది. ఎంత సిగ్గు దిగమింగుకుని అందో ఆమెకే తెలుసు.

పదకొండు మందీ వారమంతా కోశారు. ఊడదని చెప్పుకున్న అతుకులు నిజంగానే ఊడలేదు, బ్లేళ్లే అరిగిపోయాయి. తన చేతిపని తుక్కు కుప్పలో పడుతుంటే ఆమెకు ఏడుపొచ్చింది. బ్లేడు మార్చినప్పుడల్లా గర్వమూ వచ్చింది. అడుగున అసలు చట్రం చెక్కుచెదరలేదు. దాని మీద పల్చని అల్యూమినియం రేకు పరిచారు.

రెండోసారి లెక్కలాయన స్వయంగా ముందు సీట్లో కూర్చున్నాడు. అతుకులక్క ఇసుక బస్తాల మధ్య నిలబడింది. నూట నలభై ఒకటి దగ్గర మళ్లీ అదే ఫ్లైఓవరు వచ్చింది. బండి ఎక్కింది, దిగింది. నూటయాభై డిపో మలుపులోనే పూర్తయింది. డ్రైవరు లోపలికి తిప్పబోతే లెక్కలాయన ఆపి, ఇంకో చుట్టు పోనిమ్మన్నాడు. నూట యాభై ఏడు దగ్గర గేటులోకి వచ్చేసరికి బ్యాటరీలో ఇంకా కాస్త మిగిలే ఉంది. షెడ్డు వాళ్ల ఈలలకు పట్టపగ్గాల్లేవు. అతుకులక్క సంతోషం పట్టలేక ఇసుక బస్తా మీద కూలబడి ఏడ్చేసింది.

లెక్కలాయన దిగుతూనే ఫైలు తెరిచాడు. మిగతా ముప్పై తొమ్మిదింటినీ తూచడానికి ఎన్ని రోజులు పోతాయో అని గొణిగాడు.

“తూచక్కర్లేదండీ, రాసుకోండి,” అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. “ఇరవయ్యో నంబరు, తొమ్మిది వందలు. ఇరవై ఒకటి, పన్నెండు వందల యాభై. దానికి వెనక మెట్టు కింద నాలుగు పొరలు.”

అలా ముప్పై తొమ్మిదీ చెప్పింది. ఆయన రాసుకున్నాడు కానీ, ఆయన సంగతి తెలిసిందే కదా, ఇరవయ్యో నంబరును వెంటనే కాటా మీదికి పంపించాడు. పదిహేను కిలోలు తేడా వచ్చింది. బండంతా వెతికిస్తే డ్రైవరు సీటు కింద ఎవరో మర్చిపోయిన జాకీ దొరికింది.

“అది నేను వేసింది కాదండీ,” అని అతుకులక్క, కోయాల్సిన చోట్ల గీతలు గీయడానికి సుద్దముక్క పట్టుకుని ఇరవయ్యో నంబరు కిందికి దూరింది.