నలభయ్యో మీటరు

అన్నం వార్చే ముందు హైమవతి గిన్నెలో నాలుగు వైపులా మెతుకులు పట్టి చూస్తుంది. యూసుఫ్‌గూడలో పక్కింటివాళ్లు దాన్ని చాదస్తమంటారు. అననీ. చాదస్తం ఊరికే రాదు.

ఆమె ఇరవై రెండేళ్లు ఒక కర్మాగారంలో రేడియేషన్ మీటర్లు పరీక్షించింది. చేరిన కొత్తలో అవి టిక్కుటిక్కుమనే ఇనప డబ్బాలు. వాటికొక పాపిష్టి గుణం ఉండేది. రేడియేషన్ కొంచెముంటే గోల పెట్టేవి. మనిషిని చంపేంత ఉంటే మాత్రం ఉక్కిరిబిక్కిరై, ముల్లు సున్నాకి పడిపోయేది. సున్నా చూసి మనిషి ధైర్యంగా లోపలికి నడుస్తాడు! చెర్నోబిల్ రియాక్టరు పేలాక ఆమె కర్మాగారంలోనూ ముల్లు పడిపోకుండా కొత్త సర్క్యూట్ పెట్టారు. ప్రతి మీటరునీ బలమైన రేడియేషన్ ముందు పెట్టి ఆ సర్క్యూట్ పనిచేస్తోందో లేదో చూడటం హైమవతి పని.

ఎనభై ఏడులో ఒక సాయంత్రం నలభై మీటర్లు పంపాలి. ముప్పై తొమ్మిది చూసేసరికి పరీక్ష గదికి తాళం పడింది. బయట వ్యాను సిద్ధంగా ఉంది.

"అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలియదా హైమవతిగారూ?" అన్నాడు సూపర్‌వైజర్ రఘురామ్.

ఆమె చివరిదానికి పరీక్షించినట్టు స్టిక్కరు అంటించి సంతకం పెట్టేసింది. దాని నంబరు 1140. ఆ నంబరు ఆమెను వదల్లేదు.

ఆ ఉద్యోగం మానేసి మైత్రీవనంలో కంప్యూటర్ కోచింగ్ సెంటర్‌లో చేరింది. కీబోర్డులు టిక్కుటిక్కుమంటుంటే ఆమెకు నిశ్చింత. అన్నీ ఒక్కసారిగా ఆగితేనే గుండె జారిపోయేది.

రెండువేల సంవత్సరంలో సెంటర్ యూపీఎస్ బాగుచేయించడానికి పంజాగుట్టలో జుల్ఫికర్ దుకాణానికి వెళ్లింది. బల్ల మీద పసుపుపచ్చ మీటరు కనిపించింది. స్టిక్కరు మీద తన సంతకం. 1140.

"వేలంల వచ్చిందమ్మా," అన్నాడు జుల్ఫికర్. "రియాక్టర్ కాడ ఎమర్జెన్సీ బీరువాల ఉండెనంట. మంచిగనే ఉన్నది, జర చూడున్రి."

ఇన్నాళ్లూ బీరువాలోనే ఉందా! ఆమెకు ప్రాణం లేచొచ్చింది. మీటరు తోలు సంచి తెరిస్తే, అది బయటికి తీసినప్పుడల్లా ఎందుకో, ముల్లు ఎంతో, ఎవరో రాసే కార్డు మడిచి ఉంది. డ్రిల్లు, సున్నా, వీర్రాజు. డ్రిల్లు, సున్నా, వీర్రాజు. ఏడాదికి రెండు ఉత్తుత్తి ప్రమాదాలు, రెండు వరుసలు, అదే గుండ్రటి దస్తూరీ.

ఆఖరి వరుసలో డ్రిల్లు అని లేదు.

"గొట్టం లీకు. తలుపు దగ్గర ముల్లు ఎగిరింది. రెండడుగులు లోపల సున్నా. వెళుతున్నాను. వీర్రాజు."

ఆ కింద గళ్లన్నీ ఖాళీగా ఉన్నాయి.

"కావాల్నా అమ్మా?" అన్నాడు జుల్ఫికర్.

"నాదేనండీ," అంది హైమవతి.