డిక్కీ మీద అమ్మ కానిక

మొన్న ఆళ్లగడ్డలో నాకు జరిగిన మర్యాద గురించి చెప్తాను, వినండి. టీ చల్లారితే చల్లారనీండి. నవ్వొస్తే నవ్వండి. మా బావ ఇంటి ముందర వీధి వీధంతా నవ్వింది, మీరూ నవ్వితే నాకు కొత్తగా పోయేదేమీ లేదు!

మా ఆడమనిషి రూతమ్మకు పుట్టింటి చేనులో భాగం వచ్చింది. ఊరికే రాలేదు. వాళ్లన్న జకరయ్య, అంటే మా బావ, "ఆడదానికి చేను ఇస్తే నిలుపుతాదా? అమ్ముకునేదే" అని నలుగురిలో అంటే, పెద్దమనుషులు కూర్చుని ఇప్పించారు. ఇప్పించిన కొన్నాళ్లకు ఈమె నిజంగానే అమ్మింది. అమ్మి మా కొడుకు సామేలుకు కారు కొనిచ్చింది. వాడు నంద్యాలలో బాడుగలకు తిప్పుకుంటాడు, బాగానే ఉన్నాడు. కానీ మా బావ మాట నిజమైంది కదా! "చేను పాయె. ఇంక కారు ఎప్పుడు పోతాదో చూస్తాండా" అని ఆళ్లగడ్డకు పోయిన మా చుట్టాలందరికీ చెప్పి పంపేవాడు. అప్పటి నుంచి ఈమె అన్న గడప తొక్కలేదు.

ఇప్పుడు ఆయన కూతురికి ప్రధానం కుదిరింది. పిలుపు వచ్చింది. రూతమ్మ ఒకటే మాట అంది.

"కారులోనే పోదాం. మాయన్న కండ్లారా చూడాల."

ఊరికే చూస్తే సరిపోతుందా? ఎవరు కొనిచ్చిందో కూడా తెలియొద్దా? అక్కడ పుట్టింది నాకు బుద్ధి. డిక్కీ మీద 'అమ్మ కానిక' అని మెరిసే అక్షరాలు పెట్టాలని! సామేలుకు చెప్పలేదు. చెప్తే "నీకెందుకు నాయనా ఇవన్నీ" అంటాడు. పగలంతా మట్టి మోసి, మీసాలు నెరవబోయే వయసులో రాత్రి బడిలో పలక పట్టినవాడిని నేను. అక్షరం కోసం అంత పడ్డవాడు అక్షరం పెట్టకపోతే ఇంకెవరు పెడతారు?

నంద్యాల బస్టాండు దగ్గర రేడియం షాపుకు పోయాను. షాపాయన మర్యాదస్తుడే. మాట రాసుకుని తల గోక్కున్నాడు.

"పెద్దాయనా, 'కానుక' గదా? 'ను' రావాల."

"మా గుడిలో ఆదివారం సంచి తిప్పేటప్పుడు ఏమంటారో తెలుసునా నీకు? కానిక. 'ని'."

"అనేది అట్లే అంటారు. రాసేది మాత్రం..."

"అనేదొకటి, రాసేదొకటి అయితే ఇంక చదువెందుకప్పా?"

ఆయన కత్తెర తీశాడు. వెండిరంగు ప్లాస్టిక్ రేకులో అ, మ్మ, కా, ని, క అని విడివిడిగా కోసి ఇచ్చాడు. డిక్కీ అంచుకు వేసే స్టీలు పట్టీ ఒకటి తీసుకున్నాను. గుడికి పోయేవాళ్లం కదా అని చిన్న చేప బొమ్మ కూడా తీసుకున్నాను. మన క్రైస్తవులు కార్ల మీద పెట్టుకుంటారే, ఒంటి గీతతో గుండ్రంగా తిరిగి తోక పైకి లేచి ఉంటుంది, ఆ చేప.

"నేనే వచ్చి అతికిస్తా పెద్దాయనా, దుడ్లేమీ వద్దు" అన్నాడు.

"నాకు చేతులు ల్యావా?"

"అయితే మాటకూ మాటకూ నడుమ జాగా ఇడువు!" అని వెనక నుంచి అరిచాడు. వినబడింది. వినబడనట్టు వచ్చేశాను.

ప్రధానం నాటి పొద్దున పండ్ల గంపలు, చీర, స్వీట్లు అన్నీ సామేలు డిక్కీలో సర్దేశాడు. తల్లీకొడుకులు స్నానాలకు పోయారు. కారు డిక్కీ మా సందు చివర గోడ వైపు ఉంది. గోడకూ కారుకూ నడుమ దూరాను. ఎండకు రేకు కాలుతోంది. అయినా 'అ' అతికించాను. కొంచెం ఎడం ఇచ్చి 'మ్మ' అతికించాను. ఎంత అందంగా కుదిరిందో! అప్పుడు చూసుకున్నాను, కుడిపక్క కంపెనీవాళ్ల పేరు అడ్డంగా కూర్చుని ఉంది. జాగా చాలదు. ఏం చేస్తాం, మాటల నడుమ విడవాల్సిన జాగా విడవకుండా, అదే ఎడంతో కా, ని వరుసగా పెట్టుకుంటూ పోయాను.

ఆఖరి 'క' వెనక టేపు మీది కాగితం పీకుతుంటే పైనున్న తలకట్టు చిటుక్కుమని విరిగింది! తలకట్టు లేని 'క' గుండు కొట్టించుకున్నవాడిలా ఉంది. ఎట్లా అని చూస్తే చేతిలో చేప ఉంది. దేవుడే ఇచ్చాడనుకుని, తలకట్టు ఉండాల్సిన చోట చేపను అతికించాను. తోక పైకి. భలే అమరింది.

ఇంక పట్టీ మిగిలింది. డిక్కీకీ బంపరుకూ నడుమ సందు వికారంగా ఉందని, పట్టీ సగం దీని మీద, సగం దాని మీద పడేటట్టు గట్టిగా నొక్కి పెట్టాను. సందు కనబడకుండా పోయింది.

సామేలు వచ్చి ముందు వైపు నుంచే ఎక్కి బండి తీశాడు. వాడు వెనక చూడలేదు. నేను చూపలేదు. ఆళ్లగడ్డలో అందరి ముందర చూస్తాడులే అనుకున్నాను.

నూనెపల్లె దాటక ముందే ఒకాయన బైకు మీద పక్కకు వచ్చి, వేళ్లు ఆడిస్తూ "ఎంత?" అని అడిగాడు.

"బాడుగ కాదన్నా, ఇంటోళ్లమే పోతాండాం" అన్నాడు సామేలు.

ఇంకొకాయన హారన్ కొట్టి మరీ వెనక్కి చూసుకుంటూ పోయాడు. నేను రూతమ్మను మోచేత్తో పొడిచాను. "చూసినావా మే, అందరి కండ్లూ మన కారు మీదనే!"

శిరివెళ్ల మెట్ట దగ్గర టీకి ఆగాం. వాళ్లిద్దరూ అంగట్లోకి పోయారు. నేను డిక్కీ పక్కనే నిలబడ్డాను, అక్షరాలకు కాపలా. డోన్ మనిషంట, ఒకాయన వచ్చి కారు చుట్టూ తిరిగాడు. టైరును కాలితో తన్నాడు. వంగి కింద చూశాడు.

"బాగుండాదప్పా. ఎంతకిస్తారు?"

"ఇచ్చేదేందీ? ఎనక రాసింది చూడు."

"చూసే కదా అడుగుతాండా!"

"చదువొచ్చునా నీకు?"

"వచ్చు కాబట్టే అడుగుతాండా. అమ్మ కానికే గదా?"

"అమ్మ కానికే!"

"మరి రేటు చెప్పు."

"అమ్మ కానికకు రేటు కడతావా? సిగ్గుండాల్నా వద్దా నీకు?"

ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, "పెద్దాయనకు ఎండ కొట్టినట్టుంది" అని టీ అంగడివాడికి చెప్పి పోయాడు. తల్లి విలువ తెలియని మనిషి అనుకుని నేను జాలిపడ్డాను. ఆయన మీద!

ఆళ్లగడ్డ చేరేసరికి బావ ఇంటి ముందు పందిరి నిండా జనం. రూతమ్మ కొంగు సర్దుకుని దిగింది. అన్న ఎదురొచ్చాడు. కారును ముందు నుంచి చూసి, "బాగుండాదిమ్మా" అన్నాడు. నిజంగానే అన్నాడు! రూతమ్మ మొహం వెలిగింది. అక్కడితో దేవుడు ఆపేసి ఉంటే ఎంత బాగుండేది.

సామేలు గంపలు దించడానికి డిక్కీ లాగాడు. రాలేదు. ఇంకా గట్టిగా లాగాడు. రాలేదు. నా పట్టీ వదల్లేదు. నలుగురు సాయం వచ్చారు, ఆ నలుగురిని చూసి ఇంకో పదిమంది వచ్చారు. పెండ్లికొడుకు తరఫువాళ్లు కూడా కుర్చీల్లోంచి లేచారు. అందరూ కారు వెనకే.

ఉన్నట్టుండి లాగడం ఆగిపోయింది. అంతా చదువుతున్నారు.

మా బావ కండ్లద్దాలు పెట్టుకున్నాడు. గొంతు సవరించుకుని, గుడిలో వాక్యం చదివినట్టు చదివాడు.

"అమ్మకానికి."

"కాదు బావా! అమ్మ... కానిక!" అన్నాను.

"గుడి ఉంది గదా 'క' మీద?"

"అది గుడి కాదు, చేప!"

నవ్వు చూడండి అప్పుడు! పెండ్లికొడుకు తాత పొలమారి నీళ్లు తాగాడు. గుడి కోసం పెట్టిన చేప నా అక్షరానికి గుడై కూర్చుంది.

రూతమ్మకు చదువు రాదు. అందరి మొహాలూ చూసి, నా వైపు తిరిగి, "ఏమని పెట్టినావు సామేలు నాయనా?" అంది. నాకు నోరు రాలేదు. మా బావకు వచ్చింది.

"చేను అమ్మినావు, సరే. కారన్నా నాలుగు దినాలు పెట్టుకుంటావనుకున్యా చెల్లే. ఎట్లనూ అమ్ముతాండారు, బయటోళ్లకెందుకు? నాకే ఇయ్యండి."

ఆమె ఒకసారి నన్ను చూసింది. అంతే.

పక్కింట్లో మద్దిలేటి అని శిల్పాలు చెక్కే ఆయన ఉన్నాడు. ఆళ్లగడ్డలో ఉలికి కరువా! ఉలి తెచ్చి ముందు పట్టీ లేపాడు. పట్టీతోపాటు రంగూ లేచింది. డిక్కీ తెరుచుకుంది. గంపలు దిగాయి, ఎండకు ఉడికిన పండ్ల వాసనతో సహా. తర్వాత సామేలు అడిగితే అక్షరాలు కూడా గీకడం మొదలుపెట్టాడు. చేప పోయింది. 'క' పోయింది. 'ని' పోయింది. ప్రతి అక్షరం కిందా రంగు ఊడి రేకు బయటపడుతోంది.

"ఏం అతికించినావు పెద్దాయనా! రాతి మీద చెక్కిందైనా ఇంత గట్టిగా ఉండదు" అన్నాడు మద్దిలేటి. ఆ పొద్దంతా నాకు దక్కిన మెప్పు అదొక్కటే.

"చాలప్పా, ఆపు" అంది రూతమ్మ. "ఉండే రంగన్నా ఉండనీ."

తిరిగొచ్చేటప్పుడు మెట్ట దాటాక రూతమ్మ బయటికి చూస్తూనే అడిగింది.

"ఇప్పుడు ఏం మిగిలుండాది దాని మీద?"

"అ, మ్మ, కా."

"అంటే?"

మా పక్క అమ్మొద్దు అనడానికి 'అమ్మాక' అంటాం కదా. దీర్ఘం ఒక అక్షరం పక్కకు జరిగింది గానీ మాట అదే. కొంచెం గర్వంగానే చెప్పాను.

"అమ్మొద్దు అని, మే."

"ఆ మాట చేను అమ్మేనాడు పెట్టింటే బాగుండు" అంది.

నేను మాత్రం ఏమంటాను? ఆ పొద్దు నన్నెవరూ పెట్టమని అడగలేదు. ఈ పొద్దు కూడా అడగలేదనుకోండి!

రంగు వేయించే దాకా డిక్కీ అట్లే ఉంటుంది. నంద్యాల స్టాండులో డ్రైవర్లు రోజూ సామేలును ఆటపట్టిస్తున్నారంట.

"ఏమన్నా, కారు అమ్మకా, నాయనకా?"

"అమ్మకే" అంటాడంట వాడు. "నాయనకైతే డిక్కీ కూడా చూపీయం."

పెట్టింది నేను. సరిగ్గా చదివింది మాత్రం వాడొక్కడే.