బ్రాకెట్లో డి

జిరాక్స్ యంత్రం నుంచి అప్పుడే బయటపడ్డ కాగితపు వేడి వాసన తగిలితే చాలు, నా చూపుడువేలు దానంతట అదే లేస్తుంది. ఢిల్లీలో ఒకే ఒక్క అక్షరం పట్టుకుని దొంగ బేరాన్ని బద్దలుకొట్టిన మొనగాణ్ణి నేను. ఆ విద్య నేర్పింది మాత్రం విశాలాక్షిగారు.

మెట్రో ఇంకా జనక్‌పురి దాకా రాని రోజులు. ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో మా పై అంతస్తు ఆవిడది. కాకినాడ మనిషి. ఒక మంత్రిత్వ శాఖలో కోర్టు ఫైళ్లు చూసేవారు. అనుమానం ఆవిడకు ఊపిరి. పాలప్యాకెట్ మీద పొట్టి అక్షరాలు కనిపించినా, “విప్పి చెప్పండి మూర్తిగారూ” అనేవారు. నేను నీళ్లు నమిలితే, “తెలీకుండానే తలూపేశారన్నమాట!” అని నవ్వేవారు.

నా రిటైర్మెంటుకు ఐదు నెలలుంది. క్వార్టర్ ఖాళీ చేస్తే తలదాచుకోవడానికి జనక్‌పురిలో ఒక ఫ్లాట్ చూశాం. యజమాని తన పేర రాసిచ్చిన జీపీఏ, అంటే ఆయన బదులు అమ్మే అధికారపత్రం, ఉందన్నాడు బ్రోకర్. “అంకుల్‌జీ, సబ్ ఠీక్ హై! ఓనర్ సాబ్ మేరఠ్ మే హై” అని కాగితాల కట్ట చేతిలో పెట్టాడు.

ఆ కట్టలో ఫ్లాటు గురించిన పాత కోర్టు ఉత్తర్వొకటి ఉంది. యజమాని పేరు పక్కన విశాలాక్షిగారి వేలు ఆగింది.

“బ్రాకెట్లో ఈ ‘డి’ ఏంటండీ?”

“ఢిల్లీ. ఆయనది ఢిల్లీ అని.”

“పక్కన ‘ఎల్.ఆర్స్’?”

“లాయర్లు.”

ఆవిడ నవ్వలేదు. “డి అంటే డిసీజ్డ్. పోయారు. ఎల్.ఆర్స్ అంటే ఆయన బదులు కేసులోకొచ్చిన వారసులు. మనిషి పోతే ఆయనిచ్చిన జీపీఏ మామూలుగా చెల్లదండీ. మరి మేరఠ్‌లో ఉన్నదెవరు?”

మర్నాడు ఓనర్‌తో మాట్లాడించమని బ్రోకర్‌ను అడిగాను. ఆ తర్వాత అతను నా ఫోను ఎత్తలేదు.

మొనగాణ్ణన్నది సాగదీసిన మాటేనని ఒప్పుకుంటున్నాను. అక్షరాన్ని పట్టింది ఆవిడ వేలు. అనుమానం వచ్చి కాగితాలు ఆవిడకు చూపించడం వరకే నా గొప్ప. ఆవిడ ఇప్పుడు లేరు. మందుల చీటీ అయినా, బ్యాంకు కాగితం అయినా, పొట్టి అక్షరం మీద వేలు పెట్టి విప్పి చెప్పమంటాను. తెలియదనడానికి సిగ్గుపడను.

ఇంతవరకూ చదివి మా ఆవిడ కళ్లజోడు తీసింది.

“అనుమానమా, మీకా? సంతకానికి పెన్ను మూత తీసి పెట్టుకున్నారు. మీరు స్నానానికెళ్లినప్పుడు కాగితాలు పైకి పట్టుకెళ్లింది నేను. ఆవిడ పరుగున దిగొస్తే, కూర్చోమని కూడా అన్లేదు మీరు. అదీ రాయండి.”