కొసరుగా అడిగిన సెల్‌ఫోను

మా నాయన కొట్లో ఒక కట్టుబాటు ఉండేది. త్రాసు చేతిలో ఉన్నంతసేపు ఎవరు పిలిచినా పలకకూడదు. తాసిల్దారే వచ్చి వాకిట్లో నిలబడినా, ముల్లు మధ్యకొచ్చి ఆగేదాకా నాయన తలెత్తేవాడు కాదు. బియ్యం కొలిచేటప్పుడు ఇంకా గట్టి. మొదటి కొలతను ఒకటి అనకుండా ‘లాభం’ అని మొదలుపెట్టి, రెండు, మూడు అని పైకి అంటూ పోసేవాడు. మధ్యలో ఎవరైనా మాట కలిపితే పోసిందంతా గోనెలోకి తిరగబోసి మళ్లీ ‘లాభం’ దగ్గర్నుంచే. ఒకసారి అలా తిరగబోయించుకున్న గిరాకీ రెండోసారి నోరు విప్పేది కాదు.

చిత్తూరులో ఆ చిల్లర కొట్లో పెరిగినవాణ్ని. బేరం తప్ప ఇంకో విద్య అబ్బలేదు. తిరుపతికి వచ్చాక ఆ ఒక్క విద్యతోనే అలిపిరి దారిలో చిన్న అంగడి పెట్టుకుని, కొండ మీద గుండు చేయించుకుని దిగొచ్చిన వాళ్లకు టోపీలు అమ్ముతూ బతికాను. ఎండకు గుండు మాడుతున్నవాడి దగ్గర బేరం గెలవడం కూడా ఒక గెలుపేనా అని మా ఆవిడ అనేది. గెలుపు గెలుపే అనేవాణ్ని.

అలాంటివాడికి ఇల్లు కట్టించే పని పడింది. ఇల్లంటే ఇల్లు కాదు, ఒక గది. నాయనకు మోకాళ్లు పోయాయి. కొట్టు మీది మిద్దెలో పడుకునే మనిషి, మెట్లెక్కలేక రాత్రిళ్లు కొట్లోనే బెల్లం బుట్టల పక్కన చాప వేసుకోవడం మొదలుపెట్టాడు. తిరుపతికి రమ్మంటే రాడు. కొట్టు వెనక ఖాళీ జాగాలో ఆయన పడుకోవడానికి శ్లాబు వేసి ఒక గది కట్టిద్దామనుకున్నాను.

చిత్తూరులోనే ఒక కాంట్రాక్టరు దొరికాడు. తాపీ పట్టి పైకి వచ్చినవాడు కాబట్టి అందరూ మేస్త్రీ అనే పిలిచేవారు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చొక్కా జేబుల్లోకి దిగుతున్న రోజులవి. ఫోను వస్తే ఎత్తినవాడు కూడా డబ్బు కట్టుకోవాల్సిన కాలం. కొట్టు అరుగు మీద కూర్చుని మేస్త్రితో బేరం ఆడాను. ఆడి ఆడి, చివరికి అతడు చేతులు జోడించాడు.

“ఇంతకన్నా తగ్గితే నాకు మిగిలేది నా తాపీనే సామీ.”

“సరే, తగ్గొద్దు. కొసరేమిస్తావు?”

“ఇంటికి కొసరేందప్పా? ఇదేమన్నా చింతపండా?”

“నువ్వొక సెల్లు పెట్టుకోవాల. నేను తిరుపతిలో నుంచి ఎప్పుడు చేసినా ఎత్తాల. అదే నా కొసరు.”

మేస్త్రి నవ్వాడు. నాయన నవ్వలేదు. “పని చేసే చేతికి ఇంకొక పని అంటగడతాండావు రా అబ్బోడా,” అన్నాడు. రేటు తగ్గించడం చేతకాని ముసలాయన మాట అనుకున్నాను.

మేస్త్రి ఫోను కొన్నాడు. సిమెంటు దుమ్ము పడకుండా దానికి మా కొట్లోంచే ఒక ప్లాస్టిక్ కవరు తీసుకుని, రబ్బరుబ్యాండు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ కవరు మీదనుంచే బొత్తాలు నొక్కేవాడు. నాకది పండగ. టోపీలకు గిరాకీ లేనప్పుడల్లా అంగట్లోని ల్యాండ్‌ఫోను నుంచి చేసేవాణ్ని. ఇసుక దిగిందా? ఇటుక మంచి ఎరుపేనా? గోడ ఎంతవరకు లేచింది?

“యాడ ఉండావు మేస్త్రీ?”

“మీ గోడ కాడనే ఉండా సామీ.”

“వెనక ఆ టకటక ఏంది?”

“అదా... మిల్లరు సామీ, కాంక్రీటు మిల్లరు.”

గోడ కట్టే రోజున కాంక్రీటు మిల్లరు ఎందుకు తిరుగుతుంది? అది మరమగ్గం చప్పుడు. టోపీల గుడ్డ కోసం నగరికి వెళ్లొచ్చే నాకు ఆ చప్పుడు తెలియదా? మేస్త్రి నగరిలో ఇంకొకరి గోడ దగ్గర నిలబడి నా గోడ గురించి చెబుతున్నాడు. అడిగితే, “మీరు కొనిపించిన ఫోనే గదా సామీ నన్ను అందరికీ దొరికిచ్చింది,” అన్నాడు. నిజమే. నా ఒక్కడి కోసం కొనిపించిన ఫోనుకు నగరిలో ఒకడు, ఐరాలలో ఒకడు తయారయ్యారు. కొట్లో నేను ముందు నిలబడి సరుకు కట్టించుకుంటూ ఉంటే, వెనకనుంచి ఎవడో చెయ్యి చాపి ముందుగా పొట్లం అందుకుపోయినట్టు ఉండేది నాకు.

ఫోను వల్ల మేలే జరగలేదని అనను. ఒకసారి కంకర లారీ దారితప్పి వేరే వీధిలో దింపబోతే, డ్రైవరు పక్కనున్న బడ్డీకొట్టు నుంచి చేసిన ఫోనుతోనే అది మా వాకిటికి చేరింది. తర్వాత చిత్తూరు వెళ్లినప్పుడు ఆ ఫోనును నాయనకు చూపించి మరీ మురిసిపోయాను. నాయన ఫోనును ఎగాదిగా చూసి, “పలికేదేదో బాగనే పలుకుతాది. పలక్కుండా ఉండేదెట్లో దానికి నేర్పించినారా?” అన్నాడు.

శ్లాబు వేసే రోజు తొలి బస్సుకే చిత్తూరు చేరాను. కాంక్రీటు కలిపే మిల్లరుకు పసుపూ కుంకుమా పెట్టి, గుమ్మడికాయ కొట్టి, పని మొదలుపెట్టారు. నాయన కొట్టు వెనక గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మేస్త్రి మిల్లరు పక్కన నిలబడి లెక్క పెడుతున్నాడు. ఇనప బాండ్లీలతో కంకరా ఇసుకా లెక్కప్రకారం పడ్డాక, చెయ్యెత్తి “సిమెంటూ!” అని కేక వేస్తాడు. ఆ కేక వినబడితేనే బస్తా విప్పుతారు. అతడు కూడా మొదటి బాండ్లీని ‘లాభం’ అనే అన్నాడు. నాయన నా వైపు చూసి, మనవాడే అన్నట్టు తలాడించాడు.

సగం పని అయ్యేసరికి మేస్త్రి జేబు మోగింది. ఐరాల ఆసామి. ఆయన గొంతుకు ఫోను అక్కర్లేదు, ఐరాల నుంచి నేరుగా వినబడేది.

“మేస్త్రీ, మా కిటికీ యాడ పెట్టినారో సూసినావా? రోడ్డు మీద పోయేవాడికి మా వంటిల్లంతా అగపడతాండాది!”

“శ్లాబులో ఉండానన్నా, తరవాత...”

“శ్లాబా? ఎవురిది? నా కిటికీ కన్నా ముందరిదా?”

మేస్త్రి ఒక చెవి మూసుకుని పక్కకు జరిగాడు. మీరు కానీండి అని చేత్తో సైగ చేశాడు. బాండ్లీలు పడుతూనే ఉన్నాయి, మిల్లరు తిరుగుతూనే ఉంది. “మేస్త్రీ, లెక్క! లెక్కయ్యా!” అని నాయన కుర్చీలోంచి అరిచాడు. ఆ మోతలో ఎవరికీ వినబడలేదు. నేనా? నేను ఆ పక్కనే పులిహోర పొట్లాలు తెచ్చిన హోటలువాడితో పొట్లం చిన్నదైందని వాదిస్తున్నాను.

మేస్త్రి తిరిగొచ్చి, “యాడికొచ్చినాం?” అన్నాడు. ఎవరో, “ఆడికే,” అన్నారు. పని సాగిపోయింది.

సాయంత్రం అందరూ చేతులు కడుక్కుంటుంటే గోడ పక్కన ఒక బస్తా కనిపించింది. మూతి విప్పని సిమెంటు బస్తా. ఎంత కావాలో మేస్త్రి లెక్క కట్టి చెబితే అంతే తెప్పించాం. నా మొహం వెలిగిపోయింది.

“సూసినావా నాయనా, ఒక బస్తా మిగిలింది!”

నాయన ఆ బస్తా వైపు చూసి, తర్వాత శ్లాబు వైపు చూశాడు. “మిగిలిందా, పడలేదా?”

కొట్లో పెరిగినవాడికి ఇంకొకరు చెప్పాలా? పొద్దున తూచిపెట్టిన సరుకు సాయంత్రానికి మిగిలిందంటే, ఎవరి పొట్లంలోనో తక్కువ పడిందని. ఇక్కడ ఆ పొట్లం మా నాయన నెత్తిమీద ఉండబోయే శ్లాబు. అందులో ఒకచోట ఉత్త ఇసుకా కంకరా పడి ఉంటే? ఏ మూల? మంచం వేసే వైపా, గుమ్మం వైపా? పైన అంతా ఒకే రంగులో, నున్నగా, తడిగా మెరుస్తోంది.

మేస్త్రిని నిలదీశాను. ముందు ఇసుక తడి అన్నాడు. తర్వాత, “ఒక్కోసారి కంపెనీ బస్తాలు ఎక్కువ తూగుతాయి సామీ,” అన్నాడు.

“ఎక్కువ తూచే కంపెనీని నువ్వెప్పుడైనా సూసినావా?”

అతడు తల దించుకున్నాడు. “ఫోను రాకముందు వరకు నాకు ప్రతి బస్తా గుర్తుండాది. వచ్చినాక... ఏసినట్టే ఉండాది సామీ. ఏసినట్టే.”

ఆ ‘ఏసినట్టే’ను వెంటబెట్టుకుని తిరుపతికి వచ్చాను. శ్లాబు మీద మట్టితో గట్లు కట్టి నీళ్లు నిలిపారు. కింద సెంట్రింగు కర్రలు మోస్తున్నంతకాలం భయం లేదు. అవి తీసిన రోజే తెలుస్తుంది. అన్నం ముందు కూర్చుంటే పైకప్పు వైపు చూసేవాణ్ని. ఎవరింటికి వెళ్లినా ముందు తలెత్తి శ్లాబు చూసి, తర్వాత మనుషుల్ని పలకరించేవాణ్ని. మధ్యమధ్య ఫోను చేసేవాణ్ని.

“పగుళ్లేమైనా కనిపించినాయా మేస్త్రీ?”

“కింద పలకలుండాయి సామీ. యాడ కనిపిస్తాయి?”

ఫోను పెట్టేశాక ఇంకో గుబులు. ఇప్పుడతను ఎవరి మిల్లరు పక్కన ఉన్నాడో! నా ఫోను వల్ల ఎవరి బస్తా మిగిలిపోయిందో! ఐరాల ఆసామికీ నాకూ తేడా ఏముంది, ఆయన గొంతు పెద్దది, నాది చిన్నది. ఇదంతా తెలిసి కూడా సాయంత్రానికి మళ్లీ నా వేలు ఆ నంబర్ల మీదికే పోయేది.

కర్రలు తీసే వేళ వచ్చింది. ఇంకొన్నాళ్లు ఉంచమన్నాను.

“సెంట్రింగుకి అద్దె పెరుగుతాది సామీ.”

“పెరగనీ.”

“ఒంట్లో బాగనే ఉండాదా సామీ?” అన్నాడు మేస్త్రి.

ఇటు నాయన ఆగేటట్టు లేడు. ఆ కర్రల అడవిలోకే చాప తీసుకెళ్లి మధ్యాహ్నం నిద్ర మొదలుపెట్టాడని తెలిసింది. ఇక లాభం లేదని, ఒక రోజు అంగడి మూసి బయల్దేరాను.

నేను వెళ్లేసరికి మేస్త్రి పనివాళ్లందరినీ బయటే నిలబెట్టాడు. వాళ్లలో ఇలా చేసే అలవాటు ఉంది. అనుమానం ఉన్న శ్లాబు కింద మొదటి కర్ర మేస్త్రే తీయాలి. జేబులోంచి ఫోను తీసి, గుమ్మంలో కూర్చున్న నాయన చేతిలో పెట్టాడు. “ఇది మీ కాడ ఉండనీ పెద్దాయనా.” నాయన దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు. ఎవరూ సరిచేయలేదు.

మేస్త్రి లోపలికి వెళ్లాడు. సుత్తి దెబ్బ. ఒక కర్ర పడింది. ఇంకో దెబ్బ. నేను గుమ్మం పక్క గోడను పట్టుకుని ఉన్నాను, గోడ నన్ను పట్టుకుందో నేను గోడను పట్టుకున్నానో తెలియదు. ఒక్కసారిగా పెద్ద చప్పుడైంది. గుప్పున దుమ్ము వచ్చింది. “మేస్త్రీ!” అని కేక వేశాను.

“పలకలు సామీ, పలకలు,” అన్నాడు లోపల్నుంచి దగ్గుతూ.

శ్లాబు నిలిచింది. కానీ మేస్త్రి బయటికి రాలేదు. సుత్తి తిరగేసి పైన ఒక్కోచోటా తట్టుకుంటూ పోయాడు. ఠంగు ఠంగుమని పలుకుతూ వచ్చి, నాయన మంచం వేద్దామనుకున్న మూల మీదికి వచ్చేసరికి చప్పుడు మారింది. డొల్ల చప్పుడు. మళ్లీ తట్టాడు. సన్నగా ఇసుక రాలింది.

అప్పుడే నాయన చేతిలో ఫోను మోగింది. మేస్త్రి అలవాటు కొద్దీ ఇటు తిరిగాడు. నాయన ఫోనును పంచె మడతలోకి తోసేసి, “నువ్వు సూడబ్బా,” అన్నాడు. అది పంచెలో మోగి మోగి ఆగిపోయింది.

“ఈ మూలన ఒక స్తంభం లేపుతా సామీ, నా ఖర్చే,” అన్నాడు మేస్త్రి. “రాలిపోయేదంతా చెక్కేసి, మంచి సిమెంటు పట్టిస్తా. గది కొంచెం ఇరుకైతాది. కానీ పెద్దాయన నిద్రపోతాడు, నేనూ నిద్రపోతా. ఆ మిగిలిన బస్తా యాడ?”

నేను నాయన వైపు చూశాను. నాయన వీధి వైపు చూశాడు.

“అమ్మేసినా,” అన్నాడు. “పక్కింటాయన కాలవకి పూత పూయించుకోవాలన్నాడు. కిలోల్లెక్కన తూచి ఇచ్చినా. మంచి ధరే పలికింది.”

కొత్త బస్తా తెప్పించారు. స్తంభం పని మర్నాడు మొదలైంది. అంగడి ఎక్కువ రోజులు మూసి ఉంచలేక నేను తిరుపతికి వచ్చేశాను. మనసంతా ఆ మూలనే ఉంది. స్తంభం సరిగ్గా ఆ డొల్లచోటు కిందికే వస్తోందా? పక్కకు జరిగిందా? చెక్కేటప్పుడు లోపలి ఇనప కమ్మీ బయటపడిందేమో? గిరాకీ లేకపోయేసరికి ఆగలేక నంబరు నొక్కాను.

చాలాసేపు మోగింది. తర్వాత ఎవరో ఎత్తారు. ముందు ఊపిరి, ఆ తర్వాత గొంతు.

“మేస్త్రి తూకంలో ఉండాడు. ఎవురు నువ్వు?”

“నేను నాయనా.”

“నువ్వా? అయితే ఇంకా మంచిది. పెట్టేయ్.”

“నాయనా, స్తంభం ఆ మూలకి సరిగ్గా...”

పెట్టేశాడు. రిసీవరు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఎదురుగా గుండు మీద చేతులు కప్పుకుని ఒకాయన, టోపీ ఎంత అని అడుగుతున్నాడు. ఒక ధర చెప్పాను. అందులో సగానికి అడిగాడు. నాకు ఆ మూల తప్ప ఇంకేమీ కనబడటం లేదు. తీసుకోమన్నాను. ఆయన టోపీ పెట్టుకుని, అద్దంలో చూసుకుని, కొసరేమీ లేదా అని అడిగాడు.