ప్రసన్నక్క ఓడకు దారి చూసేవాడు

“నీళ్లు ముక్కులోకి పోతే?”

నేనీ మాట అడిగింది మా ఇంటి కింది గదిలో కంప్యూటర్ సెంటర్ నడిపే ప్రసన్నక్కను. నాకు కాన్పులో పడిన కుట్లు ఇంకా పూర్తిగా మానలేదు. మా అత్త పంట కోతలని ప్యాపిలి వెళ్లిపోయింది. అందుకని మా ఆయన సురేశ్ పెరట్లో కాళ్లు చాపుకొని, మూడు నెలల పాపను వాటి మీద పడుకోబెట్టి నీళ్లు పోయడం మొదలుపెట్టాడు. పాప గుక్కపెడితే చాలు, నేను సగంలో లాక్కునేదాన్ని. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేశాను. శ్వాసనాళం గురించి చదివినదంతా ఆ వేళకే గుర్తొచ్చేది.

ప్రసన్నక్క పూర్తి పేరు ప్రసన్నకుమారి. సొంతూరు ఆళ్లగడ్డ. ఇంటర్‌తో చదువు ఆపి, లారీ డ్రైవర్ యోబును పెళ్లి చేసుకొని నంద్యాల వచ్చింది. 1998లో నల్లమల ఘాట్‌లో యోబు తోలుతున్న లారీ బోల్తా పడింది. పక్కన కూర్చున్న ఆమె ఎడమ చెయ్యి విరిగింది. చెయ్యి అతుక్కుంది గానీ, ఆ తర్వాత ఆమె యోబు తోలే బండి ఎక్కలేదు. ఆయన లారీ మానేసి, ఆళ్లగడ్డకు మనుషుల్ని చేరవేసే సర్వీసు జీపు తోలేవాడు. ఆమె వాళ్లమ్మ కృపమ్మను చూడటానికి అదే ఊరికి బస్సులో పోయేది. ఒకే రోడ్డు మీద ముందు జీపు, వెనక బస్సు.

మధ్యాహ్నం సెంటర్‌లో నేర్చుకునే పిల్లలు లేనప్పుడు ఆమె కంప్యూటర్‌లో తెరచాప ఓడల గేమ్ ఆడేది. సముద్రం చూడలేదు. చూసిన పెద్ద నీళ్లు అవుకు రిజర్వాయరే. గేమ్‌లో ఓడ మీద ఒక్కో పని ఒక్కొక్కరికి అప్పగించాలి: దారి చూసేవాడు, వైద్యుడు, వడ్రంగి, వంటవాడు. ఆమె వాళ్లకు మన మనుషుల పేర్లే పెట్టింది. వైద్యం కృపమ్మకు, వంట ఎదురు హోటల్ బాలస్వామికి, దారి యోబుకు.

ఎదురుగాలిలో ఓడ కదలక ఆమె విసుక్కుంటుంటే, వెనక నిలబడిన యోబు అన్నాడు: “నేరుగా పోతే యాడ పోతాదిమే? ఘాట్ ఎక్కినట్టు ఈ పక్క కొంచెం, ఆ పక్క కొంచెం తిప్పు.”

తిప్పింది. ఓడ కదిలింది. కానీ తుఫాను వచ్చి కంప్యూటర్ తెర నల్లబడగానే ఆమె యోబును దించి, ఆ పని కెప్టెన్‌కు, అంటే తనకే, ఇచ్చుకునేది. కెప్టెన్ రెండు పనులు చేస్తే ఓడ నెమ్మదిస్తుంది.

“ఈడ గూడా నన్ను దించుతాండావా?”

“దించకుంటే ముంచుతావ్.”

“నేను ముంచలేదుమే, పడేసినా. అది వేరే.”

కొన్నాళ్లకు ఆమె ఒక సంగతి గమనించింది. అందరి నైపుణ్యమూ పెరిగింది. “బాలస్వామి గూడా వంట నేర్చినాడు చూడు, ఆ హోటల్లో ఎప్పుడు నేరుస్తాడో!” అని నవ్వింది. యోబుది మాత్రం మొదట్లో ఎంతుందో అంతే ఉంది. కష్టమైన వాతావరణంలో పని చేసినవాడికే ఆ గేమ్‌లో నైపుణ్యం పెరుగుతుంది.

తర్వాతి తుఫానుకు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. తెరచాప కొయ్య విరిగింది. ఓడ అనుకున్న రేవుకు పోలేదు, ఇంకో రేవుకు చేరింది. యోబు పేరు పక్కన అంకె మాత్రం పెరిగింది.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమె వచ్చి జీపు ముందు సీట్లో కూర్చోవడం నేను మేడ మీదినుంచి చూశాను.

“బస్సు తప్పిపోయిందామే?”

“తోలు. మాట్లాడాకు.”

సాయంత్రం తిరిగొచ్చాక ఎలా ఉందని అడిగాను.

“భయమైంది. స్టీరింగ్ మీదికి చెయ్యి పోతానే ఉండె. పట్టుకోలే.”

అప్పుడే నేను నా భయం చెప్పాను. నీళ్లు ముక్కులోకి పోవని ఆమె అనలేదు.

“పోతాయేమో, పాప తుమ్ముతాది. తల కొంచెం ఎత్తి పెట్టమని ముందే చెప్పు. పని ఇచ్చినాక నడాన గుంజుకోవాకు. గుంజుకుంటాంటే ఆయప్ప ఎప్పుడు నేర్చుకుంటాడు? చూడలేకుంటే ఆడ నిలబడాకు, లోపలికి పోయి పప్పుకు తాలింపు పెట్టుకో.”

ఇప్పుడు పాపకు నీళ్లు పోసే వేళకు మా ఇంట్లో తాలింపు వాసన వస్తుంది.